ఉరితాడుకు సరిపోయే మెడ కోసం వెతికితే: నిఠారీ కేసు చెప్పే పాఠం

2025 నవంబర్ 11న సుప్రీంకోర్టు సురేంద్ర కోలీని నిర్దోషిగా ప్రకటించింది. మర్నాడు అతను జైలు నుంచి బయటికి వచ్చాడు. 2006 డిసెంబర్ నెలాఖరులో అరెస్టయిన మనిషి, అంటే దాదాపు 19 ఏళ్లు లోపలే ఉన్నాడు. 2014లో ఉరి తేదీ దాకా వెళ్లి, అర్ధరాత్రి దాటాక వచ్చిన స్టే ఉత్తర్వుతో బతికాడు. ఈ దేశం అతన్ని 'నిఠారీ నరహంతకుడు' అని పిలిచింది. పిల్లల్ని చంపి తిన్నాడని టీవీలు రాత్రింబవళ్లు చెప్పాయి. చివరికి అత్యున్నత న్యాయస్థానం తేల్చిందేమిటి? అతనే చంపాడనడానికి చట్టం ఒప్పుకునే రుజువు లేదని.

మరి ఆ పిల్లల్ని ఎవరు చంపారు? ఈ ప్రశ్నకు ఇవాళ జవాబు లేదు. నిఠారీ మళ్లీ తేలని కేసయింది.

ఈ వ్యాసం కోలీ కోసం కన్నీరు పెట్టుకోవడానికి కాదు, అసలు హంతకుడెవరో ఊహించడానికీ కాదు. వరస హత్యల కేసులో ఒక మనిషిని పట్టుకొచ్చి 'వీడే' అని చూపించినప్పుడు, ఆ మాటను ఎలా తూచాలి? నిజనిర్ధారణకు వెళ్లే కార్యకర్తలకూ, న్యాయశాస్త్రం చదివే విద్యార్థులకూ ఇది పనికొచ్చే ప్రశ్న. ఎందుకంటే అలా పట్టుకొచ్చే మనుషులు చాలాసార్లు మన వాడల నుంచే వస్తారు. చనిపోయే పిల్లలూ మన వాడల పిల్లలే.

అసలు ఏం జరిగింది?

నోయిడా సెక్టార్ 31 పక్కన నిఠారీ అనే ఊరుంది. చుట్టూ బంగళాలు, మధ్యలో ఆ బంగళాల్లో పాచిపని చేసేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, బట్టలు ఇస్త్రీ చేసేవాళ్లు ఉండే ఇరుకు గదులు. బెంగాల్, బిహార్, ఉత్తరప్రదేశ్ పల్లెల నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన జనం. 2005, 2006లలో అక్కడ పిల్లలు ఒక్కొక్కరే మాయమవుతూ వచ్చారు. తల్లిదండ్రులు స్టేషన్‌కు వెళితే పోలీసులు పట్టించుకోలేదు. ఎవరితోనో లేచిపోయి ఉంటుందని, తిరిగి వస్తారులే అని పంపేశారు.

2006 మే నెలలో ఒక యువతి కనిపించకుండా పోయింది. ఆమె తండ్రి కోర్టు దాకా వెళ్లి పట్టుబట్టాక దర్యాప్తు కదిలింది. ఆమె మొబైల్ ఫోన్ ఆరా తీస్తూ పోలీసులు డి-5 నంబరు బంగళాలో పనిచేసే కోలీ దాకా వచ్చారు. 2006 డిసెంబర్ 29న ఆ ఇంటి వెనుక ఖాళీ జాగాలో, కాలువలో పుర్రెలు, ఎముకలు బయటపడ్డాయి. ఇంటి యజమాని, వ్యాపారి మొనీందర్ సింగ్ పంధేర్‌నూ, పనిమనిషి కోలీనీ అరెస్టు చేశారు. 2007 జనవరిలో కేసు సీబీఐ చేతికి వెళ్లింది. 16 కేసుల్లో చార్జిషీట్లు పడ్డాయి. అన్నిటిలోనూ కోలీ నిందితుడు.

2009 ఫిబ్రవరిలో మొదటి కేసులో ఘజియాబాద్ ప్రత్యేక కోర్టు ఇద్దరికీ మరణశిక్ష వేసింది. అదే ఏడాది అలహాబాద్ హైకోర్టు ఆ కేసులో పంధేర్‌ను వదిలేసి, కోలీ శిక్షను ఖాయం చేసింది. 2011లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. క్షమాభిక్ష తిరస్కరణ, రివ్యూ తిరస్కరణ 2014లో జరిగాయి. క్షమాభిక్ష అర్జీపై విపరీతమైన జాప్యం జరిగిందన్న కారణంతో 2015 జనవరిలో హైకోర్టు ఉరిని యావజ్జీవంగా మార్చింది. 2023 అక్టోబర్ 16న అదే హైకోర్టు మిగిలిన 12 కేసుల్లో కోలీని, 2 కేసుల్లో పంధేర్‌ను నిర్దోషులుగా ప్రకటించింది. 2025 జులై 30న సీబీఐ, బాధిత కుటుంబాలు వేసిన అప్పీళ్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆఖరుగా మిగిలిన మొదటి కేసు కూడా నవంబర్ 11న క్యూరేటివ్ పిటిషన్‌లో పోయింది.

'సరిపోతాడు' వేరు, 'అతనే' వేరు

చిన్నప్పుడు విన్న కథ ఒకటుంది. ఉరితీయాల్సిన మనిషి మెడ సన్నగా ఉండి తాడుకు సరిపోలేదట. రాజు ఆలోచించి, తాడుకు సరిపోయే లావు మెడ ఉన్నవాణ్ణి పట్టుకురమ్మన్నాడట. నవ్వుకునే కథే గానీ, దర్యాప్తులో జరిగే పెద్ద తప్పు సరిగ్గా ఇదే.

లెక్కగా చూద్దాం. ఇది ఊహకు అందడానికి చెప్పే ఉదాహరణ మాత్రమే. ఒక బస్తీలో 4,000 మంది మగవాళ్లున్నారు. హంతకుడు సన్నగా, నల్లగా, ముప్పై ఏళ్ల వాడని సాక్షి చెప్పాడు. ఆ వర్ణనకు 200 మంది సరిపోతారు. పోలీసులు అందులో ఒకణ్ణి తెచ్చి 'వర్ణన సరిగ్గా సరిపోయింది' అంటారు. నిజమే, సరిపోయింది. కానీ మిగిలిన 199 మందికీ సరిపోతుంది. వర్ణన ఒక్కటే ఆధారమైతే అతనే హంతకుడు అయ్యే అవకాశం రెండు వందల్లో ఒకటి.

అందుకని మనం అడగాల్సింది 'ఇతను సరిపోతాడా' అని కాదు. 'ఇతనికి మాత్రమే సరిపోయే ఆధారం ఏది' అని. ఈ తేడాను మన న్యాయశాస్త్రం ఎప్పుడో గుర్తించింది. 1984లో శరద్ బిర్దీచంద్ శార్దా కేసులో సుప్రీంకోర్టు, ప్రత్యక్ష సాక్షి లేని కేసులకు ఐదు నియమాలు పెట్టింది. ప్రతి పరిస్థితీ పూర్తిగా రుజువు కావాలి. అవి నిందితుడి నేరానికి మాత్రమే పొసగాలి. వాటి స్వభావం ఖరాఖండిగా ఉండాలి. ఇంకెవరో చేసి ఉండొచ్చన్న ప్రతి సహేతుకమైన ఊహనూ అవి తోసిపుచ్చాలి. గొలుసులో ఒక్క లంకె కూడా తెగిపోకూడదు.

ఈ తూకంలో నిఠారీ కేసును పెట్టి చూద్దాం. కోలీకి వ్యతిరేకంగా ఉన్నవి ఏమీ లేవని కాదు. ఎముకలు దొరికింది అతను పనిచేసే ఇంటి వెనుక. ఫోన్ జాడ అతని దాకా వచ్చింది. మేజిస్ట్రేట్ ముందు నేరం ఒప్పుకున్నాడు. అనుమానించడానికి ఇవి చాలు. శిక్షించడానికి చాలుతాయా?

ఒప్పుకోలు ఎలా పుట్టింది?

పోలీసులకు చెప్పిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదు. పాత సాక్ష్య చట్టంలో 25, 26 సెక్షన్లు, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్ ఇదే చెబుతాయి. మేజిస్ట్రేట్ ముందు స్వచ్ఛందంగా చెబితే చెల్లుతుంది. అప్పటి సీఆర్‌పీసీలో అది 164వ సెక్షన్, ఇప్పటి బీఎన్ఎస్ఎస్‌లో 183.

కోలీ వాంగ్మూలం 2007 మార్చి 1న రికార్డయింది. అప్పటికి అతను దాదాపు 60 రోజులు పోలీసు కస్టడీలో ఉన్నాడు. ఆ కాలంలో జరగాల్సిన వైద్య పరీక్షలు సకాలంలో జరగలేదు. అర్థవంతమైన న్యాయ సహాయం అందలేదు. వాంగ్మూలం ఇచ్చేటప్పుడు దర్యాప్తు అధికారి దగ్గర్లోనే ఉన్నాడు. అన్నిటికన్నా ముఖ్యం, తనకు ముందే చెప్పి నేర్పించారనీ, తనను హింసించారనీ తెలిపే మాటలు ఆ వాంగ్మూలంలోనే ఉన్నాయి. ఆ మాటలు పక్కన పెట్టి, 'చంపాను' అన్న మాటను మాత్రమే 2009 నుంచి కోర్టులు పట్టుకున్నాయి.

చేయని నేరాన్ని ఎవరైనా ఒప్పుకుంటారా అని మధ్యతరగతి మిత్రులు అడుగుతారు. స్టేషన్‌లో ఒక్క రాత్రి గడిపిన వాడ కుర్రాణ్ణి అడిగితే జవాబు దొరుకుతుంది. ఒప్పుకోలును తూచే పద్ధతి ఒకటే: పోలీసులకు అప్పటికే తెలియని, తర్వాత నిజమని తేలిన కొత్త సంగతి ఏదైనా అందులో ఉందా? లేకపోతే ఆ కథ ఎవరిదో మనకు తెలియదు.

దొరికినవి ఎవరు చూపిస్తే దొరికాయి?

పోలీసు కస్టడీలో చెప్పిన మాటకు ఒక మినహాయింపు ఉంది. నిందితుడు ఇచ్చిన సమాచారం వల్లనే ఒక వస్తువు దొరికితే, ఆ మేరకు ఆ మాట చెల్లుతుంది. పాత చట్టంలో ఇది ప్రసిద్ధమైన 27వ సెక్షన్. మన కోర్టుల్లో 'రికవరీ' పేరుతో ఎక్కువ మందిని జైలుకు పంపింది ఇదే.

రికవరీ నిలబడాలంటే వరస సరిగ్గా ఉండాలి. ముందు నిందితుడు చెప్పాలి. చెప్పింది అప్పుడే కాగితం మీదికి రావాలి. తర్వాత అక్కడికి వెళ్లాలి. అది అతనికి మాత్రమే తెలిసిన చోటు కావాలి. నిఠారీలో ఈ వరస ఎక్కడా లేదు. కోలీ చెప్పాడంటున్న సమాచారాన్ని అప్పటికప్పుడు రాసుకోలేదు. తవ్వకం మొదలయ్యేముందు ఆ స్థలాన్ని కాపాడలేదు. అక్కడ ఎముకలున్నాయని పోలీసులకూ జనానికీ ముందే తెలుసు. అది అందరూ తిరగగలిగే చోటు. పైగా మొదట్లో పంధేర్, కోలీ ఇద్దరూ చూపించారని చెప్పిన పోలీసులు, తర్వాత కోలీ ఒక్కడే చూపించాడన్నారు. రిమాండ్ కాగితాలే ఒకదానితో ఒకటి పొసగలేదు.

తవ్వినచోట నిందితుణ్ణి నిలబెట్టి ఫొటో తీయడం రికవరీ కాదు. ఈ ఒక్క మాట ప్రతి నిజనిర్ధారణ బృందం గుర్తుపెట్టుకోవాలి.

శాస్త్రం ఏం చెప్పింది, ఏం చెప్పలేదు?

నిఠారీ ఎముకల డీఎన్ఏ పరీక్షలు హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీలో జరిగాయి. ఫలానా అవశేషం ఫలానా తల్లిదండ్రుల బిడ్డదని అవి చెప్పాయి. ఆ కుటుంబాలకు అది చాలా పెద్ద సంగతి. కానీ డీఎన్ఏ అక్కడితో ఆగింది. చనిపోయింది ఎవరో చెప్పింది, చంపింది ఎవరో చెప్పలేదు. 'డీఎన్ఏ సరిపోయింది' అన్న పత్రికా శీర్షిక చదివినప్పుడు, ఎవరి డీఎన్ఏ ఎవరితో సరిపోయిందని వెంటనే అడగాలి.

ఇంకో సంగతి. సీబీఐ కథ ప్రకారం హత్యలూ, శరీరాలను ముక్కలు చేయడమూ డి-5 లోపలే జరిగాయి. ఒకటీ రెండూ కాదు, పదికి పైగా. అలాంటి ఇంట్లో నిపుణులు వెతికితే, ఆ కథకు తగ్గ రక్తపు మరకలు గానీ, మానవ అవశేషాలు గానీ దొరకలేదు. స్వాధీనం చేసుకున్న కత్తులు, గొడ్డలి మీద రక్తం, కణజాలం, వెంట్రుక ఏదీ లేదు. వైద్యం తెలియని ఒక పనిమనిషి శరీరాలను అంత పద్ధతిగా ఎలా కోయగలిగాడన్నదానికి నిపుణుల వివరణ లేదు.

ఒక కథ నిజమైతే ఉండి తీరాల్సిన గుర్తులు కొన్ని ఉంటాయి. వెతికినా అవి కనబడకపోతే, ఆ కథ బలహీనపడినట్టే. వరస హత్యల కేసులో ఇది మరీ ముఖ్యం. ఒక్కసారి గుర్తులు మిగలకపోవచ్చు. పదిసార్లూ మిగలకుండా పోవడం కష్టం.

వేరే దారులు ఎవరు మూశారు?

కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ, అవయవాల వ్యాపారం కోణాన్ని పరిశీలించాలని చెప్పింది. ఆ దారిలో దర్యాప్తు సాగలేదు. ఇంట్లో పనిచేసిన ఇతరుల నుంచి, చుట్టుపక్కల వాళ్ల నుంచి సరైన సాక్ష్యం సేకరించలేదు. ఇంట్లోని పేద పనిమనిషిని రాక్షసుడిగా చూపించి కేసు ముగించడమనే తేలిక దారి పట్టారని 2023లో హైకోర్టు మందలించింది. అవయవాల వ్యాపారమే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. యజమానే చేసి పనివాడి మీద తోశాడని మనం తేల్చేసినా, పోలీసులు చేసిన తప్పునే మనమూ చేసినట్టవుతుంది. ఇక్కడ విషయం ఒక్కటే: వేరే అవకాశాలను పరిశీలించి కొట్టేయడం వేరు, వాటి వైపు చూడకపోవడం వేరు.

చివరి కేసులో సుప్రీంకోర్టు పట్టుకున్న తర్కం సులువైనది. ఒకే ఒప్పుకోలు, ఒకే రికవరీ. అవి 12 కేసుల్లో చెల్లవని తేలాక, పదమూడో కేసులో ఎలా చెల్లుతాయి? వరస హత్యల కేసుల్లో ప్రమాదం ఇక్కడే ఉంది. ఒక కేసులో పడిన శిక్ష మిగతా కేసులకు రుజువులా కనబడుతుంది. మిగతా కేసులున్నాయి కదా అని ఈ కేసు బలంగా కనబడుతుంది. పదమూడు ఖాళీ గోనె సంచులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టు. ఒకటి లాగితే అన్నీ పడతాయి.

మన ఇంటి ముంగిట

ఇది ఉత్తరాది సంగతి అని సర్దుకోవడానికి లేదు. 2007 డిసెంబర్‌లో విజయవాడ దగ్గర ఒక హాస్టల్లో ఫార్మసీ విద్యార్థిని హత్యకు గురైంది. 2008లో పోలీసులు నందిగామ ప్రాంతానికి చెందిన ఒక దళిత యువకుణ్ణి తెచ్చి చూపించారు. హాస్టళ్లలో చొరబడి ఆడవాళ్లపై దాడులు చేసే అలవాటున్నవాడన్నారు. అతనికి నరాల జబ్బు, కాళ్లు సరిగ్గా పనిచేయవు. మనుషులు మోస్తే గానీ కోర్టుకు రాలేని అతను గోడలు దూకి హత్య చేశాడన్న కథ నమ్మమన్నారు. 2010లో శిక్ష పడింది. కూతుర్ని పోగొట్టుకున్న ఆ తల్లిదండ్రులే ఇతను కాదని మొదటి నుంచీ చెబుతూ వచ్చారు. 2017 మార్చి 31న ఉమ్మడి హైకోర్టు అతన్ని నిర్దోషిగా విడుదల చేసి, లక్ష రూపాయలు చెల్లించమంది. తర్వాత 2018లో కేసు సీబీఐకి అప్పగించింది.

మహారాష్ట్రలో 2003 నాటి ఒక కేసులో సంచార తెగకు చెందిన ఆరుగురికి సుప్రీంకోర్టే 2009లో మరణశిక్ష వేసింది. 2019 మార్చిలో అదే కోర్టు వాళ్లందరినీ నిర్దోషులంది, ఒక్కొక్కరికి 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది. ప్రత్యక్ష సాక్షి పోలీసు ఆల్బమ్‌లోంచి వేరే నలుగురి ఫొటోలు గుర్తుపట్టినా, ఆ నలుగురి మీద దర్యాప్తే జరగలేదు.

1871 నాటి నేరస్థ తెగల చట్టం 1952లో రద్దయింది. స్టువర్టుపురం పేరు వినగానే ముఖం చిట్లించే అలవాటు రద్దు కాలేదు. స్టేషన్‌లో పాత నేరస్థుల జాబితా, వాడలో ఫొటోల ఆల్బమ్ ఇప్పటికీ అదే పని చేస్తున్నాయి. కులం చూసి నేరాన్ని అంటగట్టకూడదంటే, కులం చూసి నిర్దోషి అనమని కాదు. ప్రతి మనిషినీ ఒకే తూకంరాయితో తూచమని మాత్రమే.

మనం చేయగలిగిన పని

పిల్లలు మాయమైన రోజే పని మొదలు కావాలి. పిల్లలు కనబడకపోతే నేరం జరిగిందని భావించి ఎఫ్ఐఆర్ కట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నేరం జరిగినట్టు సమాచారం వస్తే ఎఫ్ఐఆర్ తప్పనిసరని అదే ఏడాది లలితా కుమారి తీర్పు చెప్పింది. స్టేషన్ గడప దగ్గర ఈ రెండు తీర్పుల పేర్లు చెప్పగల మనిషి బస్తీకొకరు ఉండాలి.

బీఎన్ఎస్ఎస్ ప్రకారం ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు నేరస్థలానికి రావాలని ఉంది, రాష్ట్రాలు దాన్ని అమల్లోకి తేవడానికి ఐదేళ్ల గడువుంది. సోదాలనూ స్వాధీనాలనూ వీడియో తీయాలి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో ఫిర్యాదుదారుకు చెప్పాలి. వీడియో ఏదని అడగండి. అందులో సమయం చూడండి. నిందితుడు చెప్పిన మాట ముందా, తవ్వకం ముందా? అరెస్టు చూపించిన తేదీ ఏది, నిజంగా ఇంట్లోంచి తీసుకెళ్లిన తేదీ ఏది? మొదటి రిమాండ్ రిపోర్టు నకలు సంపాదించండి. కథ తర్వాత మారితే అది పట్టిస్తుంది.

చివరగా, బాధిత కుటుంబాన్నీ నిందితుడి కుటుంబాన్నీ ఎదురెదురు పక్షాలుగా చూడకండి. నిఠారీలో తల్లిదండ్రులు 19 ఏళ్లుగా కోలీ ఉరి కోసం ఎదురుచూశారు. ఇవాళ వాళ్లకు ఉరీ లేదు, జవాబూ లేదు. వాళ్లను మోసం చేసింది నిర్దోషి అన్న తీర్పు కాదు. 2005లో ఫిర్యాదు తీసుకోని స్టేషన్, 2006లో స్థలాన్ని కాపాడని పోలీసులు, ఒక్క మనిషి దగ్గరే ఆగిపోయిన దర్యాప్తు వాళ్లను మోసం చేశాయి. తప్పు మనిషిని జైల్లో పెట్టిన ప్రతి రోజూ, అసలు మనిషి కోసం ఎవరూ వెతకని రోజే.

విజయవాడ తల్లిదండ్రులు ఈ సంగతి అందరికన్నా ముందు అర్థం చేసుకున్నారు. తమ బిడ్డకు న్యాయం కావాలంటే ముందు ఆ కుర్రాడు బయటికి రావాలని వాళ్లే అన్నారు. ఏ కేసులోనైనా మనం నిలబడాల్సిన చోటు అదే.